మా చుట్టుపక్కల పుట్టిన లోకాలు: నవంబర్‌లో నేను చదివిన ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్

హాయ్ అండీ, నమస్తే. బయట చూడండి, ఇంకా నాలుగున్నరే, అప్పుడే వీధి దీపాలు వెలిగేశాయి. సియాటిల్‌లో నవంబర్ అంటే ఇంతే. చినుకు ఆగదు, ఎండ రాదు, పిల్లల్ని పార్కుకు తీసుకెళ్లడానికి లేదు. ఈసారి టీవీ జోలికి పోకుండా నెలంతా ఫాంటసీ, సైన్స్ ఫిక్షనే చదవాలనుకున్నా. ఒక రూల్ కూడా పెట్టుకున్నా. రాసినవాళ్లు సియాటిల్ పక్కనున్న మా ఊరు బాథెల్ నుంచి కార్లో ఒక్క రోజులో వెళ్లి రాగలిగేంత దూరంలో బతికినవాళ్లై ఉండాలి. "అట్లాంటోళ్లు ఎంతమంది ఉంటారు?" అని మా ఆయన నవ్వాడు. నెల చాలనంతమంది ఉన్నారు.

ముందు పోర్ట్‌లాండ్. ఉర్సులా లెగ్విన్ 2018 జనవరిలో పోయేదాకా దాదాపు అరవై ఏళ్లు అక్కడే ఉన్నారు. ఆవిడ ఇల్లు ఇప్పుడు రచయితలు వచ్చి ఉండి రాసుకోవడానికి ఇచ్చేశారు. నేను చదివింది 1968లో వచ్చిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'. మేకలు కాసుకునే పిల్లాడు గెడ్ మంత్రవిద్య నేర్చుకోవడానికి వెళ్లి, తోటివాడి ముందు గొప్పకు పోయి ఒక నీడను లోకంలోకి వదిలేస్తాడు. తర్వాత పుస్తకమంతా ఆ నీడ వీణ్ని తరమడం, ఆపైన వీడే దాన్ని తరమడం. పడవ ప్రయాణాలు కొంచెం సాగినట్టనిపించాయి నాకు. అన్నట్టు గెడ్‌ది రాగి రంగు ఒళ్లు. ఆ దీవుల్లో ఎక్కువమంది నల్లనివాళ్లే. కానీ 2004లో టీవీ సీరీస్ తీసినప్పుడు తెల్ల కుర్రాణ్ని పెట్టేశారు. ఆవిడ ఊరుకోలేదు, అది తన కథ కాదని వ్యాసమే రాసేశారు. పెళ్లి సంబంధాలప్పుడు "అమ్మాయి కలర్ తక్కువ" అని వినీవినీ విసిగిన ప్రాణం నాది, ఆ వ్యాసం చదువుతుంటే భలే హాయిగా అనిపించింది.

తర్వాత టెడ్ చాంగ్. ఈయన పక్కనే, బెల్వ్యూ. మన తెలుగువాళ్లు అడుగడుక్కీ కనిపించే ఊరు, ఏ ఇండియన్ స్టోర్‌లోనో పప్పుల వరసలో ఆయన పక్కనే నిలబడ్డానేమో కూడా! సాఫ్ట్‌వేర్ కంపెనీలకు మాన్యువల్స్ రాసే టెక్నికల్ రైటర్‌గా పనిచేశారు. నవల ఒక్కటీ రాయలేదు, 2002లో ఒక కథల పుస్తకం, 2019లో ఇంకోటి, అంతే. 'అరైవల్' సినిమా చూశారు కదా, అది ఈయన కథే. నాకు నచ్చింది మాత్రం బాగ్దాద్ బట్టల వ్యాపారి కథ. ఒక రసవాది దుకాణంలో ఇరవై ఏళ్లు వెనక్కీ ముందుకీ తీసుకెళ్లే ద్వారం ఉంటుంది. జరిగిపోయినదాన్ని మార్చలేవు, కాకపోతే ఇంకాస్త తెలుసుకోగలవు. కథలో కథ, అందులో ఇంకో కథ. అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంది, ఆరు నెలలకు వచ్చింది. సాయంత్రం చపాతీలు ఒత్తుతూ ఈ కథ మొత్తం తనకు చెప్పా. "ఇది కాశీమజిలీ కథ మాదిరుందే పాపా" అంది. నిజంగానే అలాగే ఉంటుంది.

సరే, ఇప్పుడు అసలు పుస్తకం. ఇదిగో, ఎంత లావుందో చూడండి. 'డ్యూన్', 1965లో వచ్చిన ఒక ఎడారి గ్రహం కథ. ఫ్రాంక్ హెర్బర్ట్ మాకు గంట దూరంలో ఉన్న టకోమాలో పుట్టారు. ఇరవైకి పైగా పబ్లిషర్లు తిప్పి పంపితే, చివరికి కార్ రిపేర్ మాన్యువల్స్‌కి పేరున్న కంపెనీ అచ్చేసింది. సినిమా చూసేశాం కదా అని వదిలేయకండి, పుస్తకంలో నీళ్ల సంగతే వేరు.

మాది అనంతపురం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడితే. ట్యాంకర్ హారన్ వినపడితే బిందెలతో పరుగెత్తిన పిల్లని నేను. అందుకే ఈ పుస్తకంలో మనుషులు చెమటను కూడా పట్టుకుని మళ్లీ తాగే సూట్లు వేసుకుంటే నాకు వింతగా అనిపించలేదు. ఒక సీన్ ఉంది. ఎడారివాళ్ల నాయకుడు స్టిల్గర్ కొత్తగా వచ్చిన డ్యూక్ ముందు బల్ల మీద ఉమ్మేస్తాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కసారిగా లేవబోతారు. అప్పుడు డ్యూక్ మనిషి డంకన్ ఆగమని అరిచి, నీ ఒంట్లోని తేమను మాకు ఇచ్చినందుకు కృతజ్ఞతలు అని తనూ ఉమ్ముతాడు! మనకు మొహాన ఉమ్మడం కంటే అవమానం ఉందా? నీళ్లు లేని చోట అదే మర్యాద అయిపోయింది. ఆ ఒక్క పేజీ అమ్మకు రెండుసార్లు చదివి వినిపించా.

ఇంతకీ ఈ ఎడారి ఆయనకు ఎక్కడ దొరికిందంటే, అరేబియాలో కాదండీ, ఒరెగాన్ తీరంలో! అరబ్బుల చరిత్ర, మతం తర్వాత చాలా చదివి కలిపారు, కానీ మొదలు మాత్రం ఫ్లోరెన్స్ అనే చిన్న ఊరు. 1957లో హెర్బర్ట్ విలేఖరిగా అక్కడికి వెళ్లారు. సముద్రపు గాలికి ఇసుక దిబ్బలు కదిలి రోడ్లనూ ఇళ్లనూ కప్పేస్తుంటే, ప్రభుత్వ వ్యవసాయ శాఖవాళ్లు గడ్డి నాటి ఆపుతున్నారు. దాని మీద వ్యాసం మొదలుపెట్టారు, అది పూర్తికాలేదు, ఏళ్ల తరబడి చదివి చదివి ఈ నవల అయింది. తమాషా ఏంటంటే, అప్పుడు నాటిన యూరోపియన్ బీచ్ గడ్డే ఇప్పుడు దిబ్బల్ని మింగేస్తోంది. స్నోయీ ప్లవర్ అనే చిన్న పిట్టకు గూడు పెట్టుకోను బయలు ఇసుక మిగలడం లేదని, అదే గడ్డిని ఇప్పుడు పీకిస్తున్నారు.

ఇది చెప్తుంటే అమ్మ చపాతీ కర్ర పక్కన పెట్టేసింది. "మన బొమ్మనహాళ్ పక్క హగరి ఇసక అట్లనే కదా వచ్చేది? చేన్లన్నీ పూడ్చేసె." అవును! కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి ఏటి ఒడ్డు ఇసుక గాలికి లేచి పొలాల్లోకి మేటలు వేస్తుంది, చెట్లు నాటి ఆపాలని అక్కడా చూశారు. చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి చూసిన దిబ్బలవి. అక్కడికి ఏ విలేఖరి వెళ్లి నవల రాయలేదు, అదొక్కటే తేడా.

పోయిన ఆదివారం వాన కాస్త తెరిపి ఇస్తే అందరం టకోమా వెళ్లాం. ఈ క్లిప్ అక్కడిదే. దీని పేరు డ్యూన్ పెనిన్సులా, 2019లో తెరిచిన పార్కు. ఒకప్పుడు ఇక్కడ రాగి కరిగించే ఫ్యాక్టరీ ఉండేది. మీరు చూస్తున్న ఈ నేలంతా ఆ ఫ్యాక్టరీ చిట్టెం సముద్రంలో పోయగా పోయగా తయారైంది. ఆర్సెనిక్, సీసం నిండిన నేల, దాన్ని శుభ్రం చేసి కప్పడానికే ఏళ్లు పట్టింది. నేలను పాడుచేయడం, బాగుచేయడం గురించి అంత పట్టుగా రాసిన మనిషి ఈ పొగ ఉన్న ఊళ్లో పెరిగాడని తెలిశాక పుస్తకం ఇంకోలా కనిపిస్తుంది.

అదొక్కటే కాదు. హీరోను నమ్ముకుంటే జనం ఏమైపోతారో చెప్పడానికే 'డ్యూన్' హీరో పాల్ కథ రాశానని హెర్బర్ట్ స్వయంగా చెప్పేవారు. కటౌట్లకు పాలాభిషేకాలు చేసే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం, మనకు ఇది వేరే విడమరచి చెప్పాలా?

ఆఖరిది ఆక్టేవియా బట్లర్. ఈవిడ 1999లో కాలిఫోర్నియా నుంచి మా పక్క ఊరు లేక్ ఫారెస్ట్ పార్క్‌కి వచ్చేశారు. కారు నడపరు, బస్సులోనే తిరిగేవారు. 2006లో, 58 ఏళ్లకే పోయారు. మార్స్ మీద పర్సెవరెన్స్ రోవర్ దిగిన చోటుకు నాసా ఈవిడ పేరే పెట్టింది.

'పారబుల్ ఆఫ్ ది సోవర్' వచ్చింది 1993లో. డైరీలా సాగుతుంది, మొదటి తేదీ 2024 జూలై 20. లాస్ ఏంజెలెస్ దగ్గర గోడ కట్టుకుని బతికే ఒక వీధి. బయట మంటలు, దోపిడీలు, పెట్రోల్ కంటే నీళ్లు ఖరీదు. లారెన్ అనే పదిహేనేళ్ల పిల్లకు ఈ గోడ ఎంతోకాలం నిలవదని ముందే అర్థమై, విత్తనాలు, అగ్గిపెట్టెలు, డబ్బు ఒక సంచిలో సర్దిపెట్టుకుంటుంది. తర్వాత జనం ఫ్రీవే మీద కాలినడకన ఉత్తరానికి బయల్దేరతారు. ఉత్తరం అంటే ఒరెగాన్, వాషింగ్టన్, అంటే మేమున్న వైపు. రాత్రిపూట ఇది చదవకండి, నేను పగలు కూడా మధ్యమధ్య ఆపాల్సి వచ్చింది. ఈ నెల చదివినవాటిలో ఎక్కువ భయపెట్టిందీ, మళ్లీ చదవాలనిపించిందీ ఇదే. ఇందులో మంత్రం లేదు, రాకెట్ లేదు, ఇంటి పన్నులు, తాళాలు, ఆకలి అంతే.

చదివిన మర్నాడే గరాజ్‌లోకి వెళ్లి మా భూకంపం డబ్బా తెరిచా. ఇక్కడ పెద్ద భూకంపం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి రెండు వారాలకు సరిపడా సామాను ఉంచుకోమని రాష్ట్రమే చెప్తుంది. లోపల టిన్ బీన్స్, బ్యాటరీలు, బ్యాండేజీలు ఉన్నాయి. అమ్మ తొంగి చూసి, "రెండు వారాలు ఇవి తినేదెవరు?" అని ఊరగాయ సీసా, రవ్వ, కేజీ బొరుగులు సర్దింది. ఇదిగో, ఇప్పుడు మా కిట్ ఇది.

డిసెంబర్‌కు 'పారబుల్' రెండో భాగం లైబ్రరీలో హోల్డ్ పెట్టా, నా ముందు చాలామందే ఉన్నారు. మూడోది బట్లర్ ఎన్నోసార్లు మొదలుపెట్టి వదిలేశారట, ఆ కాగితాలన్నీ కాలిఫోర్నియాలో హంటింగ్టన్ లైబ్రరీలో ఉన్నాయి. ఈలోపు అమ్మకు ఫ్లోరెన్స్ దిబ్బలు చూడాలని పట్టుకుంది. ఆరు గంటల డ్రైవ్, తన టికెట్ ఫిబ్రవరిలో, కాబట్టి ఈ వానలోనే వెళ్లాలి. నా రూల్‌లో ఒక్క రోజులో వెళ్లి రావాలి, ఇది రాత్రి ఉండాల్సిన ట్రిప్పు. ఆ దారిలో శాకాహారం ఎక్కడ దొరుకుతుందో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. దొరకకపోతే పులిహోర కట్టుకుని పోతాం.