కుక్కకి పళ్ళు తోమడమేమిటండీ!

శ్రోతలకు నమస్కారం.

"రోజూ దీనికి పళ్ళు తోమండి" అని చెప్పగానే, కుక్కను తీసుకొచ్చినవారు ముందు నవ్వేస్తారు. "పిల్లల చేత తోమించడానికే పొద్దున్నే ఇంట్లో యుద్ధం, ఇప్పుడు దీనిక్కూడానా డాక్టరు గారూ!" అంటారు. కాస్త పెద్దవాళ్ళయితే ఇంకో మాట అంటారు: "మా ఊళ్ళో కుక్కలకి ఎవరు తోమారండీ? అవి బతకలేదూ?"

బతికాయి. కానీ ఎన్నాళ్ళు బతికాయో, వాటి నోరు ఎలా ఉండేదో ఎవరూ తెరిచి చూడలేదు. వీధి కుక్కల్లో చాలావాటికి పళ్ళు పాడయ్యేంత వయసే రాదు. మన ఇంట్లో పెరిగే కుక్క టీకాలు వేయించుకుని, వేళకింత తిని, పన్నెండు పద్నాలుగేళ్ళు బతుకుతుంది. అన్నేళ్ళూ దాని పళ్ళు పనిచేయాలి.

"కుక్క నోరన్నాక వాసన రాకుండా ఉంటుందా?" అని కూడా అడుగుతారు. నేను ముందుగా కాదనేది ఈ మాటనే. తిన్న వెంటనే తిండి వాసన రావచ్చు. దగ్గరికొస్తే మొహం తిప్పుకునేంత కుళ్ళు వాసన మాత్రం కుక్క లక్షణం కాదు. చాలాసార్లు అది చిగుళ్ళ జబ్బు వాసనే.

తిన్న కొద్ది గంటల్లోనే పళ్ళ మీద సూక్ష్మజీవులతో పల్చటి జిగురు పొర కడుతుంది. అదే పాచి. ఆ దశలో వేలికి గుడ్డ చుట్టి తుడిచినా పోతుంది. తుడవకపోతే లాలాజలంలోని ఖనిజాలు చేరి, రెండు మూడు రోజుల్లో అది గట్టిపడి గార అవుతుంది. కుక్క లాలాజలంలో మనకన్నా క్షార గుణం ఎక్కువ. అందుకే వాటికి పిప్పిపళ్ళు అరుదు. గార మాత్రం తొందరగా పడుతుంది. ఒకసారి గార కట్టాక ఏ బ్రష్షుకీ ఊడదు. పైగా ఆ గరుకు మీద కొత్త పాచి ఇంకా సులువుగా పడుతుంది.

పంటి మీద కనిపించే పసుపు, గోధుమ రంగు చూసి అందరూ కంగారు పడతారు. అసలు నష్టం జరిగేది కనిపించని చోట, చిగురు కింద. ముందు చిగురు అంచు ఎర్రబడి ఉబ్బుతుంది, ముట్టుకుంటే రక్తం వస్తుంది. అక్కడ ఆపగలిగితే చిగురు మళ్ళీ మామూలుగా అవుతుంది. ఆపకపోతే పంటిని పట్టి ఉంచే ఎముక కరగడం మొదలవుతుంది. కరిగిన ఎముక మళ్ళీ రాదు. మూడేళ్ళు దాటేసరికి చాలా కుక్కల్లో ఎంతో కొంత చిగుళ్ళ జబ్బు కనిపిస్తుంది.

ఇందులో చిన్న జాతులది మరీ కష్టం. గ్రేట్ డేన్‌కైనా పామరేనియన్‌కైనా పెద్దయ్యాక ఉండాల్సినవి 42 పళ్ళే. అంత చిన్న దవడలో అన్ని పళ్ళు ఇరుక్కుని, ఒకదాని మీదకొకటి ఒరిగి, సందుల్లో తిండి నిలిచిపోతుంది. పామ్, షిట్జు, పగ్, డాక్షండ్ పెంచేవాళ్ళు ఈ కబుర్లు కాస్త శ్రద్ధగా వినండి. వాటి కింది దవడ ఎముక సన్నం. జబ్బు బాగా ముదిరితే, మంచం మీంచి దూకినా ఆ దవడ విరగవచ్చు.

మరి నొప్పి ఉంటే తెలియదా అంటారు. తెలియదండీ. పన్ను కుళ్ళి కదులుతున్నా కుక్క తింటూనే ఉంటుంది. "బాగానే తింటోంది, ఏం లేదు" అనే ధైర్యంతోనే నెలలు గడిచిపోతాయి. తినడం మానలేదు గానీ ఎలా తింటోందో చూడండి. ఒక పక్కనే నములుతోందా? నోట్లోకి తీసుకున్నది కింద పడేసి మళ్ళీ తీసుకుంటోందా? నమిలే బిస్కెట్టుని గుటుక్కున మింగేస్తోందా? తల నిమరబోతే పక్కకి తప్పుకుంటోందా? బొమ్మ మీద రక్తపు చార కనిపించిందా? పైపళ్ళ వేళ్ళ దగ్గర ఎముక కరిగితే నోటికీ ముక్కుకీ మధ్య దారి పడి, తుమ్ములు, ఒక ముక్కులోంచే చీము కారడం కూడా ఉంటాయి. డాక్షండ్‌లలో ఇది తరచుగా చూస్తాం.

ఇంకొకటి, కంటి కింద వాపు. తేనెటీగ కుట్టిందనో ఏదో గుచ్చుకుందనో అనుకుంటారు. మాత్రలు వేస్తే తగ్గుతుంది, కొన్నాళ్ళకి మళ్ళీ వస్తుంది. పై దవడలో సరిగ్గా కంటి కిందుగా ఒక పెద్ద పన్ను ఉంటుంది, కుక్క మాంసం కోసేది దానితోనే. ఆ పంటి వేరులో చీము చేరితే వాపు మొహం మీదకి తేలుతుంది. పన్ను సంగతి తేల్చకుండా ఎన్ని మాత్రలు వేసినా అది తిరగబెడుతుంది.

ఇక తోమడం.

బ్రష్షు కోసం వెతుక్కోనక్కర్లేదు. పసిపిల్లలకు వాడే మెత్తటి బ్రష్షు చాలు. పెద్ద కుక్కకైతే మనం వాడే రకంలోనే మెత్తటిది. వేలికి తొడుక్కునే రబ్బరు బ్రష్షులు అలవాటు చేయడానికి బాగుంటాయి.

పేస్టు మాత్రం మనది వద్దు. మనం ఉమ్మేస్తాం, కుక్క మింగేస్తుంది. మన పేస్టులోని ఫ్లోరైడు, నురగ పదార్థం దాని కడుపుకి పడవు. కొన్నిటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. అది కుక్కకి విషమే: రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది, కాలేయం దెబ్బతింటుంది. చక్కెర లేని చూయింగ్ గమ్ముల్లోనూ అది ఉంటుంది కాబట్టి హ్యాండ్‌బ్యాగులు కుక్కకి అందకుండా పెట్టండి. పెట్ షాపుల్లో కోడిమాంసం రుచితో కుక్కల పేస్టులు దొరుకుతాయి, మింగినా ఫర్వాలేదు. అదీ దొరకలేదా, ఉత్త నీళ్ళతో తోమండి. పాచిని వదిలించేది ప్రధానంగా ఆ రాపిడే. ఉప్పు, బొగ్గుపొడి, వంటసోడా, లవంగనూనె జోలికి పోవద్దు. వేపపుల్ల గురించి తప్పకుండా అడుగుతారు. మనం దాన్ని నమిలి కుంచెలా చేసుకుని తోముకుంటాం. కుక్క ముక్కలుగా విరిచి మింగుతుంది, పేళ్ళు చిగుళ్ళలో దిగుతాయి.

మొదటి రోజే బ్రష్షు నోట్లో పెట్టకండి. సాయంత్రం నడకకి తీసుకెళ్ళొచ్చాక, అది కాస్త అలిసి ఉన్నప్పుడు పక్కన కూర్చుని పై పెదవి ఎత్తి చూడండి, మెచ్చుకుని వదిలేయండి. కొన్నాళ్ళు అంతే. తర్వాత వేలికి పేస్టు రాసి నాకనివ్వండి. ఆ పైన వేలికి తడిగుడ్డ చుట్టి కోరపళ్ళు తుడవండి. బ్రష్షు ఆ తర్వాతే. రెండు మూడు వారాలు పట్టినా తొందరపడొద్దు. ఒక్కసారి బలవంతంగా అదిమి పట్టుకుని తోమారంటే, ఆ బ్రష్షు కనిపించినప్పుడల్లా మంచం కిందే దాని నివాసం.

నోరు తెరిపించాల్సిన పని లేదు, చాలామంది కష్టపడేది ఇక్కడే. నోరు మూసుకునే ఉండనివ్వండి. పెదవి పక్క నుంచి బ్రష్షుని బుగ్గ లోపలికి పోనిచ్చి, పంటికీ చిగురుకీ కలిసే చోట ఏటవాలుగా ఆనించి, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పండి. బయటి వైపు తోమితే చాలు. లోపలి వైపు చాలావరకు నాలుక చూసుకుంటుంది. పై దవడలో వెనక పళ్ళకి ఎక్కువ సమయం ఇవ్వండి. లాలాజలం వచ్చే గొట్టం అక్కడే తెరుచుకుంటుంది, గార ముందుగా పట్టేదీ అక్కడే. ఒక్కో పక్క అర నిమిషం. కడగక్కర్లేదు.

వారానికోసారి తోమితే సరిపోదా అంటారు. గార గట్టిపడేది రెండు మూడు రోజుల్లో అని ఇందాక చెప్పాను కదా, వారానికోసారి తోమితే గార మీద తోమినట్టే. రోజూ అయితే మంచిది, కుదరకపోతే రోజు విడిచి రోజు. ఇప్పటికే గార దట్టంగా ఉండి, చిగుళ్ళు రక్తం కారుతుంటే మాత్రం బ్రష్షుతో మొదలుపెట్టొద్దు. నొప్పి పుడుతుంది, ఇక జన్మలో చేయనివ్వదు. ముందు డాక్టరుకి చూపించి శుభ్రం చేయించాలి.

కుక్కపిల్లకి 28 పాలపళ్ళు. నాలుగో నెల నుంచి ఊడడం మొదలై, ఆరేడు నెలలకి పక్కా పళ్ళు వచ్చేస్తాయి. ఆ నెలల్లో చిగుళ్ళు సలుపుతాయి కాబట్టి గట్టిగా తోమకండి, నోరు ముట్టుకోవడం మాత్రం అలవాటు చేయండి. చిన్న జాతుల్లో పాత కోర ఊడకుండానే పక్కన కొత్త కోర వచ్చేస్తుంది. రెండు కోరలు జంటగా కనిపిస్తే డాక్టరుకి చూపించండి. పాత కోరని తీయించాల్సి రావచ్చు.

ఇప్పుడు ఆదివారం సంగతి. కోడికూర తిన్నాక ఎముకలన్నీ కుక్కకే. ఉడికిన ఎముక సూదుల్లా చీలుతుంది, గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. మాంసం కొట్టు నుంచి తెచ్చిన గట్టి కాలి ఎముకైతే ఇందాక చెప్పానే, కంటి కింద పెద్ద పన్ను, అది పెచ్చులా విరుగుతుంది. గుండ్రంగా కోసిన నల్లి ఎముక కింది దవడకి కడియంలా బిగుసుకుపోవడం కూడా ఉంది. కుక్క గిలగిల్లాడుతుంటే రంపంతో కోసి తీయాలి. బొటనవేలి గోరుతో నొక్కితే ఏమాత్రం సొట్ట పడని వస్తువు కుక్క పంటికి పనికిరాదు. రాళ్ళు నమిలే అలవాటున్నా, గేటు గ్రిల్లు కొరికే అలవాటున్నా మాన్పించండి. టెన్నిస్ బంతి విసిరి ఆడించండి గానీ, గంటలకొద్దీ నమలనివ్వకండి. ఆ నూగు పళ్ళని అరగదీస్తుంది.

నమిలే డెంటల్ స్టిక్కులు కొంత మేలు చేస్తాయి, బ్రష్షుకి బదులు కావు. వాటితో బరువు పెరుగుతుందని కూడా గుర్తుంచుకోండి.

గార తీయడం మత్తు ఇచ్చి చేయాల్సిన పని. మత్తంటే భయపడి, మెలకువగా ఉండగానే గీకేసేవాళ్ళ దగ్గరికి కొందరు తీసుకెళుతున్నారు. పళ్ళు తెల్లగా కనిపిస్తాయి, ఫొటోకి బాగుంటాయి. చిగురు కింది జబ్బు అలాగే ఉంటుంది. మెలకువలో ఉన్న ఏ కుక్కా అక్కడ పరికరం పెట్టనివ్వదు. ముందుగా రక్తపరీక్ష చేయించుకుంటే మత్తు గురించిన టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. మీ దగ్గరి ఆసుపత్రిలో ఈ సౌకర్యం ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లోనూ విచారించవచ్చు.

పళ్ళతో సంబంధం లేదనిపించినా, ఒక హెచ్చరిక చేయాలి. కుక్క నోరు వేలాడేసి, చొంగ కారుస్తూ, మింగలేకపోతుంటే "గొంతులో ఎముక ఇరుక్కుంది" అని చేయి పెట్టేస్తారు. అది రేబిస్ కూడా కావచ్చు. టీకా సంగతి తెలియని కుక్క నోట్లో ఎప్పుడూ చేయి పెట్టకండి. పెంపుడు కుక్కయినా ఇలాంటి లక్షణాలుంటే డాక్టరుకి చెప్పండి. అప్పటికే చొంగ చేతి గాయానికి తగిలితే, సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోండి.

ఇక, పళ్ళు తీయించాల్సి వస్తే "అన్నం ఎలా తింటుంది పాపం" అని దిగులుపడేవాళ్ళు చాలామంది. కుక్క మనలాగా నమిలి తినే జీవి కాదు, ఎక్కువగా మింగేస్తుంది. కుళ్ళిన పళ్ళు పోయాక, నొప్పి తగ్గి, మునుపటికన్నా బాగా తింటుంది. ఓ పది రోజులు మెత్తటి పెరుగన్నమో, మెత్తగా చేసిన మాంసమో పెట్టండి. కుట్లు మానాయని డాక్టరు చెప్పాక, మిగిలిన పళ్ళకి బ్రష్షు మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

నమస్కారం.