ఇంట్లోనే ఉండమంటే ఎలా ఉంటారండీ?

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు, ఇచ్చిన టైమ్‌లో సగం దానికే పోయేలా ఉంది, ఏమీ అనుకోకండి, అందరికీ కలిపి ఒకటే దండం. ప్రపంచ కిడ్నీ దినం కదా, ఉప్పు తగ్గించడం గురించి చెప్పమన్నారు. చెబుతాను. కానీ డయాలసిస్ టెక్నీషియన్‌ని, అంటే కిడ్నీలు పాడైనవాళ్ల రక్తాన్ని మిషన్‌తో శుభ్రం చేసి, ఒంట్లో చేరిన నీరు తీసే పని నాది. నాకు ఆ కోవిడ్ ఏడాది, 2020, ఇంకా గొంతులోనే ఉంది, ముందు అది కక్కేయాలి.

ఆ ఏడాది లోకమంతా ఒకటే మాట, ఇంట్లోనే ఉండండి. మా పేషెంట్లు ఎలా ఉంటారండీ? వారానికి మూడుసార్లు రావాలి, వచ్చిన ప్రతిసారీ నాలుగు గంటలు ఒకే హాల్లో పక్కపక్కన పడుకోవాలి. రావడం మానేస్తే పొటాషియం పెరిగి గుండె ఆగుతుంది, వస్తే వైరస్. చాలామందికి షుగరు, గుండె జబ్బు ఎలాగూ ఉంటాయి, దానికి తోడు కిడ్నీలు పాడైతే ఒంట్లో రక్షణ శక్తీ తగ్గుతుంది. వ్యాక్సిన్లు రాకముందు యూరప్ లెక్కలు చూస్తే, వైరస్ సోకిన డయాలసిస్ పేషెంట్లలో ప్రతి నలుగురైదుగురిలో ఒకరు నెల తిరక్కుండానే పోయారు.

మా దగ్గర ఒక పెద్దాయన ఉండేవారు, కిటికీ పక్క బెడ్ ఆయనది. బరువు చూసేటప్పుడు చెప్పులు విప్పి, జేబులో తాళాలు కూడా తీసి పక్కన పెట్టేవారు, నీళ్లు ఎక్కువ తాగారని నేను కోప్పడతానని. ఆయనకి పాజిటివ్ వచ్చింది. జ్వరం లేదు, ఉత్త నీరసం. తగ్గింది కూడా! అయితే నెగెటివ్ రిపోర్ట్ తెస్తేనే డయాలసిస్ సూది పెట్టాలని పైనుంచి ఆర్డరు. తగ్గాక కూడా వారాల తరబడి టెస్టులో పాజిటివ్ రావచ్చని ఇప్పుడు అందరికీ తెలుసు. రెండు డయాలసిస్‌లు తప్పాయి. మూడోసారి వచ్చేటప్పటికి పడుకోలేక కూర్చునే ఎగశ్వాస పీలుస్తున్నారు. అందరూ కోవిడ్ ఆయాసం అన్నారు. కాదండీ, ఊపిరితిత్తుల్లో నీరు. మిషన్ ఎక్కిస్తే దిగేది. ఎక్కించేలోపే పోయారు, కాగితంలో కారణం కోవిడ్ అని రాశారు. మొదటి రెండుసార్లు గుమ్మం దగ్గర ఆయన్ని వెనక్కి పంపింది నేనే.

ఇక్కడ సెంటర్లు నడిపేవాళ్లు ఉంటే ఒకసారి చెయ్యెత్తండి. పర్లేదు, ఎత్తండి. పాజిటివ్ వాళ్లకి విడిగా చివరి షిఫ్ట్ పెట్టి, తర్వాత హాలు శుభ్రం చేసుకున్న చోట్లు ఉన్నాయి కదా, మనం ఎందుకు పెట్టలేదు?

మందుల సంగతీ అంతే. కోవిడ్ మందులు పనిచేస్తాయా అని చూసే చాలా ట్రయల్స్‌లో కిడ్నీ పేషెంట్లను ముందే పక్కన పెట్టేశారు. డయాలసిస్ వాళ్లకి కోవిడ్ మందు రెమ్‌డెసివిర్ ఇవ్వొచ్చని అమెరికాలో అధికారికంగా ఒప్పుకున్నది 2023 జూలైలో, అప్పటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ ఎమర్జెన్సీ ఎత్తేసి రెండు నెలలు. వ్యాక్సిన్ కూడా వీళ్లలో తక్కువగా పనిచేసి, త్వరగా బలం తగ్గిపోయింది, అందుకే మూడో డోసు. అయినా వేయించుకున్నవాళ్లలో చావులు తగ్గాయి, అది మాత్రం నా కళ్లతో చూశాను.

బెల్లు కొడుతున్నారు. ఒక్క నిమిషం సార్, చెయ్యెత్తినవాళ్లు ఇంకా దించలేదు, వాళ్లలో ఒక్కరైనా చెప్పాలి, రేపు ఇలాంటిదే వస్తే గుమ్మం దగ్గర నన్నేం చెప్పమంటారు?