ఎండ ముదరకముందే వేరు దిగాలి

శ్రోతలందరికీ నమస్కారం.

ఫాల్గుణం నడుస్తోంది. విజయనగరం చుట్టుపక్కల మామిడి పూత దాటి పిందెలోకి వస్తోంది. పలాస వైపు జీడి చెట్లు పూత మీద ఉన్నాయి. ఉద్దానంలో లేత పనసకాయలు కూరకు దిగుతున్నాయి. తెల్లవారుజామున దుప్పటి ఇంకా వదలబుద్ధి కాదు కానీ, పది గంటలయ్యేసరికి ఎండ చురుక్కుమంటోంది. ఈ రోజుల్లో పెరట్లో చేసుకోవలసిన పనులను గురించి ఈ పూట మాట్లాడుకుందాం.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వసంతం నిలిచేది కొద్ది వారాలే. శివరాత్రి వెళ్లాక చలి తగ్గుతుంది. ఉగాది దాటగానే ఎండ ముదురుతుంది. అక్కడి నుంచి జూన్‌లో నైరుతి వానలు పడేదాకా మొక్క ఎండను ఓర్చుకోవాలి. ఇప్పుడు నాటిన ఆనప పాదు మే నెలలో కాయలిస్తుందా, ఏప్రిల్‌లోనే వడలిపోతుందా అన్నది దాని వేరు ఎంత లోతుకు దిగిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ కొద్ది వారాల్లో ఏ పని చేసినా వేరును దృష్టిలో పెట్టుకుని చేయమని కోరుతున్నాను.

ముందుగా పార పట్టకుండా, ఒక రోజంతా పెరట్లో ఎండ ఎక్కడ పడుతోందో చూడండి. అరసవల్లి సూర్యనారాయణమూర్తి పాదాలను ఉదయకిరణాలు తాకే రోజులు మార్చిలో వస్తాయి, మళ్లీ అక్టోబరులో వస్తాయి. సూర్యుడు ఉత్తరానికి జరుగుతూ ఒకసారి, తిరిగి దక్షిణానికి వెళుతూ ఒకసారి దాదాపు అదే చోట ఉదయించడం వల్ల అలా జరుగుతుంది. ఆ జరుగుడు మన పెరట్లోనూ కనిపిస్తుంది. మనం ఉన్నది 18 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన. మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పటి నుంచి జులై చివరిదాకా మధ్యాహ్నపు ఎండ ఉత్తరం వైపు నుంచి పడుతుంది. కాబట్టి చలికాలమంతా నీడలో ఉన్న ఉత్తరపు గోడవార, అక్కడ ఎప్పుడూ చల్లగానే ఉంటుందనుకుని ఆకుకూరలు వేస్తే, మే నెలలో అవి మాడిపోతాయి.

మన పల్లెల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని వరుసగా ఉంటాయి. పెరడు సన్నగా, పొడుగ్గా వెనక్కి సాగుతుంది. అలాంటి పెరడు ఇంటికి తూర్పున ఉంటే అదృష్టమే. మధ్యాహ్నం దాటగానే ఇంటి నీడ అక్కడ పడుతుంది. తోటకూర, పాలకూర, కొత్తిమీర ఆ నీడలో మే దాకా లాక్కొస్తాయి. పడమటి పెరడైతే బెండ, గోంగూర, గోరుచిక్కుడు వంటి ఎండకు ఓర్చేవి వేసుకోవాలి. ఆకుకూర కావాలంటే ఏప్రిల్ నుంచి షేడ్ నెట్ కానీ, కొబ్బరి మట్టల పందిరి కానీ తప్పదు.

ఇక పాత పంటల సంగతి. చిక్కుడు పాదు ఈపాటికి అలసిపోయి ఉంటుంది. లేత కొసల నిండా నల్లటి పేనుబంక పట్టి, దాని చుట్టూ చీమలు తిరుగుతుంటాయి. దాన్ని ఇంకా బతికించాలని మందులు కొట్టడం వృథా శ్రమ. బాగా కాసిన తీగ మీద ముదిరిన కాయలు నాలుగు విత్తనానికి ఎండనిచ్చి, మిగతా తీగను నేల మట్టానికి కోసేయండి. వేరుతో పెకలించకండి. చిక్కుడు వేరు బుడిపెల్లో నత్రజని ఉంటుంది, వేరు మట్టిలోనే కుళ్లితే అది తరువాతి పంటకు అందుతుంది. పాత వంగ మొక్కను మాత్రం పారేయనక్కరలేదు. కాండం గట్టిగా, తెగులు లేకుండా ఉంటే జానెడు ఎత్తున కత్తిరించి, మొదట్లో ఎరువు వేసి నీరు పెట్టండి. దాని వేరు ఇప్పటికే లోతుగా ఉంది కనుక కొత్త నారుకన్నా ముందుగా కాపుకు వస్తుంది. కొత్త చిగుళ్లలో ఏ కొసైనా తల వాల్చిందంటే లోపల పురుగు తొలుస్తున్నట్టే. ఆ కొసను తుంచి తగలబెట్టాలి.

ఎరువు విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. పెంటకుప్పలో బాగా మాగిన గత్తాన్ని తీసేటప్పుడు చేత్తో చెదరగొట్టి చూడండి. తెల్లటి ఒళ్లు, గోధుమరంగు తలతో, చంద్రవంకలా ముడుచుకుని బొటనవేలంత లావున్న పురుగులు కనిపిస్తాయి. వాటిలో చాలావరకు కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు పిల్లలు. కొబ్బరి చెట్టు ఉన్న ప్రతి ఊళ్లోనూ వీటిని ఏరేసే పని ఇంటింటా జరగాలని నా కోరిక, ఎందుకంటే ఒక ఇంటి కుప్పలో పెరిగిన పురుగు పదిళ్ల చెట్లకు ఎగురుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కూల్చిన చెట్ల స్థానంలో నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపు మీదికి వస్తున్నాయి. వాటి మొవ్వు పోతే ఇన్నేళ్ల శ్రమా పోయినట్టే. ఏరిన పురుగులను కోళ్లకు వేయండి, క్షణంలో తినేస్తాయి.

ఇప్పుడు విత్తుకోవలసినవి ఆనప, బీర, కాకర, పొట్ల, దోస, గుమ్మడి, బెండ. ఆనప, కాకర గింజల పెంకు గట్టిది. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి, మొలక చూపాక పెడితే తప్పిపోవు. వానాకాలంలో మట్టిని ఎత్తు చేసి కుదురు కడతాం కదా, వేసవి పంటకు దానికి తలకిందులుగా చేయాలి. మూరెడు లోతు, మూరెడు వెడల్పు గుంత తీసి, సగం గత్తం, సగం మట్టి కలిపి నింపి, పైన బెత్తెడు పల్లం వదలాలి. పోసిన నీరంతా అందులోనే ఇంకాలి. బెండలో ఎండాకాలం పల్లాకు తెగులు ఎక్కువ. తెల్లదోమ దాన్ని ఒక మొక్క నుంచి మరో మొక్కకు మోస్తుంది. తెగులును తట్టుకునే రకం వేసుకుని, ఈనెలు పసుపెక్కిన మొక్క కనబడిన రోజే పీకేస్తే మిగతావి దక్కుతాయి.

ఇప్పుడు నీటి సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఆగుతాను.

సాయంత్రం పైపు పట్టుకుని పెరడంతా పైపైన తడపడం చాలా ఇళ్లలో అలవాటు. మట్టి నల్లబడుతుంది, ఆకులు మెరుస్తాయి, మనసుకు హాయిగా ఉంటుంది. అయితే ఆ తడి రెండు అంగుళాలకన్నా కిందికి దిగదు. నీరు పైనే దొరుకుతున్నప్పుడు వేరు కిందికి ఎందుకు వెళుతుంది? ఏప్రిల్‌లో పై మట్టి పెనంలా కాలినప్పుడు ఆ వేళ్లన్నీ ఒక్క మధ్యాహ్నంలో ఉడికిపోతాయి. అందుకని రోజూ ఒక చెంబు పోసేకన్నా, మూడు నాలుగు రోజులకు ఒకసారి పాదుకు రెండు బకెట్లు నిదానంగా పోయండి. మొలక దశలో మటుకు రోజూ తడి కావాలి. నాలుగైదు ఆకులు వేసిన నాటి నుంచి ఎడం పెంచుతూ పోవాలి. తడి ఎంత దిగిందో తెలుసుకోవడానికి ఒక సన్నటి ఇనుప చువ్వ చాలు. నీరు పెట్టిన మర్నాడు గుచ్చి చూడండి. తడి ఉన్నంత మేర సులువుగా దిగి, పొడి మట్టి తగలగానే ఆగిపోతుంది. జానెడు దాటి దిగితే మీరు పోసిన నీరు సరిపోయినట్టు.

ఈ లెక్క విజయనగరం వైపు ఎర్ర నేలలకు వర్తిస్తుంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఇసుక నేలల్లో రెండు బకెట్లు ఒకేసారి పోస్తే సగం నీరు వేరును దాటి కిందికి పోతుంది. అక్కడ రోజు విడిచి రోజు ఒక బకెట్టు పోయడమే మేలు. గుంతలో గత్తంతోపాటు కొబ్బరి పొట్టు కలిపితే తడి నిలుస్తుంది. పొట్టు పచ్చిది వాడకండి. రెండు మూడు సార్లు నీళ్లతో కడిగి, కొన్నాళ్లు మాగనిచ్చినదైతేనే వేరుకు మంచిది.

నీటి ఎద్దడి ఉన్న ఇళ్లకు మట్టికుండ ఉంది. పూత పూయని మామూలు కుండను రెండు పాదుల మధ్య మెడదాకా పాతి, నీళ్లు నింపి, మూత పెట్టండి. మట్టి పొడిబారిన కొద్దీ కుండ గోడల నుంచి నీరు ఊరుతుంది, తడిగా ఉంటే ఊరడం తగ్గుతుంది. పైన ఆవిరయ్యేది దాదాపు ఉండదు. చాలామంది దీనికి నిరుటి తాగునీటి కుండను వాడేస్తారు. నీళ్లు చల్లబరచడం మానేసిన కుండ రంధ్రాలు ఉప్పుతో పూడుకుపోయి ఉంటాయి, అది మట్టిలోనూ సరిగా ఊరదు. కొత్త కుండనే పాతండి. వంటింటి నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు పాదులకు నిక్షేపంలా పనికొస్తాయి. సబ్బు నీళ్లను అరటి చెట్టుకు వదిలేసి, కూరగాయల దగ్గరికి రానివ్వకండి.

పోసిన నీటిని కాపాడుకోవాలంటే మట్టికి కప్పు ఉండాలి. సరిగ్గా ఈ రోజుల్లోనే వేప చెట్టు ఆకంతా రాల్చి, ఉగాది పూతకు సిద్ధమవుతుంది. పొద్దున్నే ఆ ఆకును ఊడ్చి, ఒకచోట చేర్చి నిప్పు పెట్టడం వీధి వీధినా చూస్తాం. చూసిన ప్రతిసారీ నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఇంటి ముందుకు ఉచితంగా వచ్చిన కప్పును కాల్చి, ఆ పొగను పిల్లలకు పీల్పిస్తున్నాం. ఆ ఆకును పాదుల చుట్టూ మూడు అంగుళాల మందాన పరవండి. కాండానికి మాత్రం బెత్తెడు దూరం వదలండి, ఆనుకుంటే మొదలు కుళ్లుతుంది. ఎర్ర నేలల్లో ఎండుగడ్డి పరిస్తే చెదలు వస్తాయి. వేపాకు దొరకని చోట గడ్డి కింద గుప్పెడు వేపపిండి చల్లి చూడండి. కొబ్బరి చెట్టు పాదులో డొక్కలను బోర్లించి పరిస్తే వేసవంతా తడి ఆరదు.

చెట్లకు పని తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. మామిడి పూత మీద ఉన్నప్పుడు నీరు పెట్టకండి, పూతకు బదులు చిగురు వేస్తుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక మొదలుపెట్టి క్రమం తప్పకుండా ఇవ్వండి. మన సువర్ణరేఖ తొందరగా కాపుకొచ్చే రకం కనుక దానికి ఆ సమయం ముందే వస్తుంది. విచ్చిన పూత మీద ఏ మందూ కొట్టకండి, తేనెటీగలు చస్తే పిందె ఎక్కడి నుంచి వస్తుంది? మల్లె కొమ్మలు ఇంకా కత్తిరించని వాళ్లు ఎండిన కొసలు తీసి, ఎరువు వేసి నీరు పెడితే కాస్త ఆలస్యంగానైనా మొగ్గ తొడుగుతుంది. కరివేపాకు పూత గుత్తులను తుంచేస్తే ఆకు గుబురుగా వస్తుంది. మునగకు నీరు ఎక్కువైతే పూత రాలుతుంది, దాని మానాన దాన్ని వదిలేయండి.

తీగలు పందిరెక్కి పూలు పూశాక, పూత రాలిపోతోందని చాలామంది కంగారు పడతారు. మొదట వచ్చేవి ఎక్కువగా మగపూలే, అవి రాలడం సహజం. అడుగున బుల్లి పిందెతో కనిపించేది ఆడపువ్వు. గుమ్మడి, కాకర, దోస పూలు పొద్దున విచ్చుకుంటాయి, వాటి పని తేనెటీగలు చూసుకుంటాయి. ఆనప, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. పట్నాల్లో ఆ వేళకు వచ్చే పురుగులు తక్కువ. పిందెలు పసుపెక్కి రాలిపోతుంటే దీపాలు పెట్టే వేళ ఒక మగపువ్వు కోసి, రేకులు తీసి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. రెండు మూడు రోజుల్లో పిందె లావెక్కడం మీకే తెలుస్తుంది. ఆ పిందెకు వెంటనే ఒక కాగితం సంచి తొడిగితే పండు ఈగ గుడ్డు పెట్టలేదు. అప్పటికే కాటు పడి, వంకర తిరిగిన కాయను కంపోస్టులో వేయకండి. పురుగు మట్టిలోకి దిగి, మళ్లీ ఈగై వస్తుంది. రెండు అడుగుల లోతున పూడ్చండి.

పందిరి సంగతి చెప్పి ముగిస్తాను. గింజ పెట్టిన రోజునే రాటలు పాతండి. తీగ సాగాక గునపం దింపితే, ఇన్నాళ్లు కిందికి దింపుకున్న వేళ్లను మన చేత్తో మనమే తెంపుకుంటాం. రాట రెండు అడుగులు నేలలోకి పోవాలి, వెదురు కీళ్లను కొబ్బరి తాడుతో అడ్డంగా, నిలువుగా కట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు ఉన్నట్టుండి గాలివాన దిగడం మన ప్రాంతంలో మామూలే. ఆ వేళకు పందిరి మీద కాయల బరువు ఉంటుంది. గాలి ఎక్కువగా పడమటి వైపు నుంచి మొదలవుతుంది కాబట్టి, ఆ పక్క రాటలకు ఒక్కో ఊతకర్ర అదనంగా పెట్టండి.

నమస్కారం.