పై కడుపు నొప్పి అంతా గ్యాస్ కాదు: అక్యూట్ పాంక్రియాటైటిస్

(తెరపై: పొట్ట బొమ్మ. జీర్ణాశయం వెనక అడ్డంగా ఉన్న పాంక్రియాస్‌కు పసుపు రంగు)

నమస్కారం. పెళ్లి భోజనం చేసొచ్చిన రాత్రి పై కడుపులో నొప్పి వస్తే, మన ఇళ్లలో మొదట వినిపించే మాట "గ్యాస్ పట్టేసింది, సోడా తాగు". చాలాసార్లు అది గ్యాసే. కానీ గంటలు గడిచినా నొప్పి తగ్గట్లేదా? వీపులోకి పాకుతోందా? వాంతి అయినా తెరిపి లేదా? వెల్లకిలా పడుకుంటే ఎక్కువై, ముందుకు వంగి కూర్చుంటే కాస్త తగ్గుతోందా? అయితే అది అక్యూట్ పాంక్రియాటైటిస్, అంటే పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) ఉన్నట్టుండి వాచడం కావచ్చు. సోడా పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి. గుండెపోటు కూడా ఒక్కోసారి ఇలాగే మొదలవుతుంది, అందుకే అక్కడ ఈసీజీ కూడా తీస్తారు.

(యానిమేషన్: నాళంలో అడ్డుపడిన రాయి)

పాంక్రియాస్ తయారుచేసే ఎంజైములు, అంటే తిండిని అరిగించే పదార్థాలు, చిన్నపేగులోకి చేరాకే పని మొదలుపెట్టాలి. గ్రంథిలో ఉండగానే వాటిలో ట్రిప్సిన్ అనేది చురుకైతే, మిగతా ఎంజైములనూ లేపుతుంది. అప్పుడు గ్రంథి తనను తానే అరిగించుకుంటుంది. హాన్స్ కియారి అనే వైద్యుడు 1896లోనే ఈ సంగతి చెప్పాడు.

ప్రధాన కారణాలు రెండు: గాల్ బ్లాడర్ (పిత్తాశయం) నుంచి జారి పైత్యరస నాళం చివర ఇరుక్కునే రాయి, మద్యం అలవాటు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు 1000 mg/dL దాటినా ముప్పే. కొన్ని మందుబిళ్లల వల్ల కూడా రావచ్చు.

(తెరపై: రక్త పరీక్ష రిపోర్టు)

నొప్పి తీరు, రక్తంలో మామూలు గరిష్ఠం కంటే 3 రెట్లు పెరిగిన లైపేజ్ లేదా అమైలేజ్ (ఇవీ పాంక్రియాస్ ఎంజైములే), స్కాన్. ఈ మూడింటిలో రెండు సరిపోతే జబ్బు తేలినట్టే. ఆ తర్వాత బంధువులు రోజూ "లైపేజ్ ఎంతుంది డాక్టర్ గారూ?" అని అడుగుతుంటారు. ఆ టెన్షన్ అనవసరం. జబ్బు ఎంత తీవ్రమో ఆ అంకె చెప్పదు. ఊపిరి, బీపీ, మూత్రం ఎలా ఉన్నాయో అడగండి. అవి 48 గంటలు దాటినా కుదుటపడకపోతే జబ్బు తీవ్రమైందని అర్థం. అదృష్టవశాత్తూ ఎక్కువమందిలో ఇది తేలికగానే తగ్గుతుంది.

చికిత్సలో సెలైన్, నొప్పి మందు ముఖ్యం. సెలైన్ ఎంత ఎక్కువ పెడితే అంత మంచిదనుకునేవారు. అలా పెడితే ఒంట్లో నీరు చేరుతుందని 2022లో వచ్చిన పరిశోధన తేల్చింది. రోజుల తరబడి నోటికి ఏమీ ఇవ్వకపోవడం కూడా పాత పద్ధతే. జబ్బు తేలికపాటిదై ఆకలి వేస్తుంటే త్వరగానే తిననిస్తారు. ఇన్ఫెక్షన్ లేకుండా యాంటీబయాటిక్ అక్కర్లేదు.

నొప్పి తగ్గింది, ఇంటికి పంపిస్తున్నారు. కారణం రాళ్లే అయితే అవి ఇంకా లోపలే ఉన్నాయి! తేలికపాటి జబ్బులో గాల్ బ్లాడర్ ఆపరేషన్ వీలైతే అదే అడ్మిషన్‌లో చేయించుకోవడం మేలు. "పండగ వెళ్లాక చూద్దాం" అని వాయిదా వేస్తే ఈలోగా మళ్లీ రావచ్చు. మద్యం వల్ల వచ్చినవాళ్లు తాగుడు పూర్తిగా మానేయాలి, "బీరు ఒక్కటే" అన్న బేరం కూడా వద్దు. డిశ్చార్జి కాగితంలో కారణం రాశారో లేదో చూడండి. రాయకపోతే అడిగి రాయించుకోండి.