నాలుగు డైలాగుల మనిషికి మూడు పుట్టుపూర్వోత్తరాలు: బోబా ఫెట్‌పై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. ఇవాళ ‘స్టార్ వార్స్’ సినిమాల్లోని బోబా ఫెట్ అనే పాత్ర గురించి మాట్లాడుకుందాం. 1980లో వచ్చిన ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’లో ఇతనికి నాలుగే డైలాగులు. 1983 నాటి ‘రిటర్న్ ఆఫ్ ది జెడై’లో అవీ లేవు, ఒక్క కేక వేసి, ఇసుకలో నోరు తెరుచుకుని ఉండే సార్లాక్ అనే రాకాసి జీవి నోట్లో పడతాడు. ఇలాంటివాడికి మూడు జన్మవృత్తాంతాలు ఎక్కడి నుంచి వచ్చాయి మేడమ్?

విమర్శకురాలు: కాస్ట్యూమ్ నుంచి వచ్చాయండి. చిత్రకారులు జో జాన్‌స్టన్, రాల్ఫ్ మెక్‌క్వారీ ఇతని కవచాన్ని మొదట తెల్లరంగులో, ఒక ప్రత్యేక సైనిక దళం కోసం గీశారు. దళం ఆలోచన విరమించుకున్నాక ఆ కవచానికి రంగులు మార్చి ఒక్క బౌంటీ హంటర్‌కి, అంటే డబ్బు కోసం మనుషుల్ని వేటాడి పట్టిచ్చేవాడికి తొడిగారు. ఇక ‘ఎంపైర్’ నవలారూపంలో దాని గురించి ఒక ముక్క ఉంది: క్లోన్ యుద్ధాల్లో, అంటే ఈ సినిమా కథకు ముందుతరంలో జరిగిన యుద్ధాల్లో, జెడైలనే యోధుల చేతిలో ఓడిన దుష్ట యోధులు వేసుకునే కవచం లాంటిదని. ఆ ‘లాంటిది’ని మనసులో పెట్టుకోండి.

కంటిన్యుటీ ఎడిటర్: పెట్టుకోవాల్సినవాళ్లు పెట్టుకోలేదు, అదే తంటా. వాళ్లలాంటి కవచం వేసుకున్నవాడు కాస్తా వాళ్లలో ఒకడైపోయాడు. 1983లో మార్వెల్ కామిక్స్‌ వచ్చేసరికి ఆ యుద్ధంలో బతికి బయటపడ్డ మాండలోరియన్ కమాండోలు, అంటే ఆ కవచం వేసుకునే మాండలోర్ గ్రహపు యోధులు, ముగ్గురే: ఫెన్ షైసా, టోబీ డాలా, బోబా ఫెట్. ఇది మొదటి కథ. 1996లో ఒక కథానిక వచ్చింది. అందులో ఇతని అసలు పేరు జాస్టర్ మెరీల్, కాంకర్డ్ డాన్ గ్రహంలో శాంతిభద్రతలు చూసే జర్నీమన్ ప్రొటెక్టర్, పై అధికారిని చంపి బహిష్కరణకు గురయ్యాడు. ఇది రెండోది. 2002లో ‘అటాక్ ఆఫ్ ది క్లోన్స్’ వచ్చి, ఇతను జాంగో ఫెట్ అనే బౌంటీ హంటర్ కొడుకుగా పెంచుకోవడానికి అడిగి చేయించుకున్న తన క్లోన్ అని తేల్చేసింది.

వ్యాఖ్యాత: సినిమా మాటే చెల్లుతుంది కదా సర్, మిగతావి తీసి పక్కన పడేస్తే సరిపోదా?

కంటిన్యుటీ ఎడిటర్: చెల్లుతుంది. 2000లో ఈ సినిమాలు తీసే సంస్థ లూకాస్‌ఫిల్మ్‌లో లీలాండ్ చీ నిర్వహణలో ‘హోలోక్రాన్’ అనే డేటాబేస్ మొదలైంది. అందులో సృష్టికర్త జార్జ్ లూకాస్ సినిమాలది పైమెట్టు, నవలలు, కామిక్స్‌లది కింది మెట్టు. అయినా కిందివాటిని చెత్తబుట్టలో వేసేవారు కాదు. పైదానితో ఢీకొనే ముక్క వరకే తీసి, మిగతాది నిలబెట్టే ప్రయత్నం చేసేవారు. అందుకు మొదట వయసు లెక్క వేయాలి. క్లోన్ యుద్ధాలు మొదటి సినిమా కథకు 22 ఏళ్ల ముందు మొదలయ్యాయి. అప్పటికి బోబా పదేళ్ల పిల్లాడు. యుద్ధం మూడేళ్లు నడిచింది, అంటే ముగిసేనాటికి పదమూడు. ‘ఎంపైర్’ కథాకాలానికి 35. ఈ అంకెలు కాగితం మీద పెట్టగానే మార్వెల్ కథ కూలిపోతుంది. పదమూడేళ్లవాడు కమాండో దళాన్ని నడపలేడు. మెరీల్ కథ మాత్రం కూలదు, పదమూడుకీ ముప్పై అయిదుకీ మధ్య దానికి బోలెడు చోటుంది.

విమర్శకురాలు: అతుకు వేసిన తీరు కూడా చూడాలి. ‘జాంగో ఫెట్: ఓపెన్ సీజన్స్’ కామిక్స్‌లో జాస్టర్ మెరీల్‌ని వేరే మనిషిని చేసి, జాంగోని చేరదీసిన నాయకుడిగా పెట్టారు. దాంతో బోబా వాడుకున్నది తాతలాంటివాడి పేరు అయింది. ఇంత తేలికైన అతుకు మళ్లీ పడలేదేమో! మార్వెల్ కథకు వేసింది మాత్రం మోటు అతుకు. ఆ మూడోవాడు బోబా కాదు, స్పార్ అనే ఇంకో క్లోన్ అన్నారు. ముఖం ఒకటే కాబట్టి పొరపాటు పడ్డారట. క్లోన్ల కథలో ఈ మందు ప్రతి రోగానికీ పనిచేస్తుంది, అందుకే అనుమానంగా చూడాలి.

వ్యాఖ్యాత: కొత్తగా రాసేవాళ్లు ఇలాంటి చిక్కును ఎక్కడ పట్టుకోవాలి?

కంటిన్యుటీ ఎడిటర్: ప్రతి వాక్యం పక్కనా ‘ఎవరన్నారు’ అని రాసుకోవాలి. కథకుడు చెప్పాడా, పాత్ర చెప్పిందా? పాత్ర చెప్పిందైతే అబద్ధమైనా, అజ్ఞానమైనా కావచ్చు. ‘ది క్లోన్ వార్స్’ సీరియల్‌లో, 2010లో, మాండలోర్ ప్రధానమంత్రి ఆల్మెక్ ఏమంటాడు? జాంగో మామూలు బౌంటీ హంటర్, ఆ కవచం ఎలా సంపాదించాడో తెలియదంటాడు. 2020లో ‘ది మాండలోరియన్’ రెండో సీజన్‌లో బోబా తన చెయిన్ కోడ్, అంటే మనిషి వివరాలుండే గుర్తింపు రికార్డు, చూపిస్తాడు. జాంగోని మాండలోరియన్లు చేరదీసి పెంచారని, వాళ్ల అంతర్యుద్ధంలో పోరాడాడని అక్కడ బయటపడుతుంది. రెండూ ఉండొచ్చు. యుద్ధం వద్దనే ప్రభుత్వంలో ఉన్నవాడు ఆ కిరాయి మనిషిని మావాడని ఎందుకు ఒప్పుకుంటాడు? మెరీల్ కథలో ఈ వెసులుబాటు లేదు, అక్కడ చెప్పేవాడు కథకుడే. అందుకే పేరు మార్చాల్సి వచ్చింది.

విమర్శకురాలు: చావు సంగతి మర్చిపోయాం. 1984 మార్వెల్ కామిక్స్‌లో ఇతను సార్లాక్ నుంచి బయటపడి, గతం మర్చిపోయి, ఎడారిలో పాత సామాన్లు ఏరుకునే జావాల బండెక్కి, చివరికి మళ్లీ అందులోనే పడతాడు. 1991లో మొదలైన ‘డార్క్ ఎంపైర్’ నాటికి బతికే ఉన్నాడు. అంటే లెక్క ప్రకారం రెండుసార్లు పడి, రెండుసార్లు బయటికొచ్చాడు!

కంటిన్యుటీ ఎడిటర్: 2014 ఏప్రిల్‌లో ఆ నవలలు, కామిక్స్ అన్నీ ‘లెజెండ్స్’ గూటికి, అంటే అధికారికంగా చెల్లని కథల్లోకి పోయాయి. 2021లో ‘ది బుక్ ఆఫ్ బోబా ఫెట్’ కొత్తగా చూపించింది: సార్లాక్ లోపల చచ్చిపడున్న స్టార్మ్‌ట్రూపర్ అనే సైనికుడి దగ్గర గాలి తీసుకుని, ముంజేతి మంటల గొట్టంతో దారి చేసుకుంటాడు. బయటపడ్డాక కవచం ఊడబీక్కుపోయేది మళ్లీ జావాలే. పాత కథ చెల్లకపోయినా వాళ్లు మాత్రం వదల్లేదు.

వ్యాఖ్యాత: ఇన్ని అతుకుల్లో మీకు అస్సలు నచ్చనిది?

విమర్శకురాలు: 2004 డీవీడీ. ‘ఎంపైర్’లో ఆ గొంతు జేసన్ వింగ్రీన్‌ది. జాంగోగా చేసిన టెమ్యురా మోరిసన్‌తో ఆ నాలుగు డైలాగులూ మళ్లీ చెప్పించారు, క్లోన్ గొంతు తండ్రి గొంతులా ఉండాలని. ఎక్కడో కామిక్స్‌లో పేరు మార్చడం వేరు, ఇరవై నాలుగేళ్ల కిందటి సినిమాలో ఒక నటుడి గొంతు తీసేయడం వేరు.

కంటిన్యుటీ ఎడిటర్: నేను ఒప్పుకోను మేడమ్. ఒకే జన్యువు, ఒకే గొంతు. అది మార్చకపోతే ఇదే బల్ల దగ్గర మీరే తప్పు పట్టేవారు.

విమర్శకురాలు: హెల్మెట్ లోపలి నుంచి వచ్చే గొంతుకు జన్యువు లెక్కలెందుకండీ!