డ్రాగన్‌లో రష్యా వ్యోమగామికి సీటెందుకు?

నమస్తే. మొన్న బిర్లా ప్లానెటేరియం మెట్ల మీద ఒకాయన వాళ్ళబ్బాయికి చెబుతున్నారు: "రష్యా వాళ్ళు డబ్బు కట్టి అమెరికా క్యాప్సూల్ ఎక్కుతార్రా!" ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! 2025లో మన శుభాంశు శుక్లా స్పేస్ స్టేషన్‌కి వెళ్ళింది కొన్న సీటులోనే. కానీ నాసా, రష్యా చేసుకునే సీట్ల మార్పిడి వేరు. అక్కడ పైసా చేతులు మారదు.

ఉప్పల్ నుంచి యాదగిరిగుట్టకు పెళ్ళికి రెండు కార్లు బయల్దేరాయి. ఆడపెళ్ళివారంతా ఒకదాంట్లో, మగపెళ్ళివారంతా ఇంకోదాంట్లో. ఘట్‌కేసర్ దగ్గర ఆడపెళ్ళివారి కారు ఆగిపోయిందనుకోండి, కన్యాదానం ఎవరు చేస్తారు? అందుకే పిల్ల మేనమామ మగపెళ్ళివారి కారులో, పిల్లాడి బాబాయి ఆడపెళ్ళివారి కారులో. ఏది ఆగినా మండపంలో రెండువైపుల మనిషీ ఉంటాడు.

స్పేస్ స్టేషన్‌లోనూ అంతే. కరెంటు ఎక్కువగా అమెరికా సోలార్ ప్యానెళ్ళది. స్టేషన్ కిందికి జారకుండా పైకి నెట్టే పని ప్రధానంగా రష్యా ఇంజిన్లది. ఒకరు లేకపోతే రెండోవాళ్ళకి నడపడం కష్టం. అందుకే ఏ వాహనం ఆగినా స్టేషన్‌లో రెండువైపుల మనిషీ ఉండేలా 2022లో సీట్ల మార్పిడి ఒప్పందం రాసుకున్నారు. సెప్టెంబర్‌లో నాసా వ్యోమగామి ఫ్రాంక్ రూబియో రష్యా వాహనం సోయుజ్ ఎక్కారు, అక్టోబర్‌లో రష్యా వ్యోమగామి అనా కికినా అమెరికా క్యాప్సూల్ డ్రాగన్ ఎక్కారు. యుక్రెయిన్ యుద్ధం నడుస్తుండగానే!

[స్క్రీన్ మీద: సోయుజ్ నుంచి చిమ్ముతున్న కూలెంట్]

ఆ డిసెంబర్‌లో, మేనమామ ఎక్కొచ్చిన కారే మండపం దగ్గర పాడైంది. అంటే రూబియో వెళ్ళిన సోయుజ్‌లో కూలెంట్, లోపలి వేడిని లాగేసే ద్రవం, లీకైంది. ముగ్గురు కూర్చుంటే లోపల వేడి తట్టుకోలేరు. సోయుజ్‌లో సీటు లైనర్ ఉంటుంది, ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ళకి అచ్చు పోసి చేస్తారు. జనవరిలో రూబియో లైనర్‌ని విప్పి, తీసుకెళ్ళి డ్రాగన్‌లో సామాను పెట్టే చోట బిగించారు. అర్జెంటుగా దిగాల్సి వస్తే ఆయన అందులో, మిగతా ఇద్దరు రష్యన్లు సోయుజ్‌లో. మనిషి తగ్గితే వేడీ తగ్గుతుంది కదా! ఈ ఏర్పాటు గురించి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఫిబ్రవరిలో ఖాళీ సోయుజ్ వచ్చింది, లైనర్ మళ్ళీ అందులోకి మారింది. ఆరు నెలలకని వెళ్ళిన రూబియో 371 రోజులు ఉండిపోయారు.

టైమ్ అయిపోతోంది, ఒక్కటి చెప్పేస్తా. 2024 సెప్టెంబర్‌లో సునీతా విలియమ్స్, బుచ్ విల్‌మోర్ తిరిగి రావడానికి డ్రాగన్‌లో రెండు సీట్లు ఖాళీగా పంపాలి. ఆ ప్రయాణం నుంచి ఎవరిని తప్పించారు? ఇద్దరు నాసా వ్యోమగాముల్ని. రష్యాకు చెందిన అలెగ్జాండర్ గోర్బునోవ్ సీటు మాత్రం కదల్లేదు.