సిస్టమ్ స్లో అయితే ముందు ఏం చూడాలి, దేనికి డబ్బు పెట్టాలి

అందరికీ నమస్కారం. ఈ హాల్లో డిగ్రీ, బీటెక్ పిల్లలు ఉన్నారు, వాళ్ల అమ్మానాన్నలు ఉన్నారు. వెనక వరసలో డీటీపీ షాపులు, నెట్ సెంటర్లు నడిపేవాళ్లూ కనిపిస్తున్నారు. అందరి ఇబ్బందీ ఒకటే. సెకండ్‌హ్యాండ్‌లో సిస్టమ్ కొన్నారు. ఆన్ చేస్తే డెస్క్‌టాప్ రావడానికి ఐదు నిమిషాలు, క్రోమ్ తెరుచుకోవడానికి ఇంకో రెండు. షాపుకు తీసుకెళితే ఒకరు ఫార్మాట్ కొట్టాలంటారు, ఒకరు ర్యామ్ వేయాలంటారు, ఇంకొకరు ఇది పాతదైపోయింది, తీసేసి కొత్తది కొనుక్కోండి అంటారు. వీళ్లలో ఎవరి మాట నిజమో మీరే తేల్చుకోవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు.

ఈ టేబుల్ మీదున్నది డెల్ ఆప్టిప్లెక్స్ 3020. కంపెనీలు కొన్నేళ్లు వాడి తీసేసిన ఇలాంటి సిస్టమ్‌లు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్లకు చేరతాయి, అక్కడి నుంచి జిల్లాల్లోని షాపులకు వస్తాయి. ఇందులో ఇంటెల్ నాలుగో తరం ఐ5-4570 ప్రాసెసర్ ఉంది. 2013లో వచ్చింది, నాలుగు కోర్లు. ర్యామ్, అంటే పని జరుగుతున్నంతసేపు సరుకు పెట్టుకునే మెమొరీ, 4 జీబీ. హార్డ్‌డిస్క్ 500 జీబీ. మీలో చాలామంది ఇళ్లలో ఉన్నది కాస్త అటూఇటూగా ఇదే.

ఇప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కుతున్నాను. టాస్క్ మేనేజర్ వచ్చింది. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లోకి వెళ్లి, క్రోమ్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరుస్తాను. తెర మీద చూడండి. సీపీయూ, అంటే ప్రాసెసర్, 15 శాతం దగ్గర ఉంది. మెమొరీ 92 శాతం. డిస్క్ 100 శాతానికి అంటుకుపోయింది. కింద డిస్క్ వేగం చూస్తే సెకనుకు రెండు ఎంబీ కూడా లేదు, రెస్పాన్స్ టైమ్ మాత్రం వందల మిల్లీసెకన్లు. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని ఉంది, డిస్క్ నుంచి సరుకు అందడం లేదు. పెళ్లి భోజనాల్లో వంటవాడు ఎంత చురుకైనా వడ్డించేవాడు ఒక్కడే ఉంటే బంతి కదలనట్టు.

ఎందుకిలా? ఈ హార్డ్‌డిస్క్ లోపల పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. అంటే ఒక్క చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటుకు, చదివే హెడ్ జరగాలి, ఆ చోటు తిరిగి హెడ్ కిందికి రావాలి. రెండూ కలిపితే ఒక్కో చిన్న ముక్క చదవడానికి సుమారు 12 మిల్లీసెకన్లు పడుతుంది. సెకనుకు ఎనభై, మహా అయితే వంద ముక్కలు. విండోస్ లేచేటప్పుడు వేల చిన్న ఫైళ్లు అడుగుతుంది. హార్డ్‌డిస్క్ బదులు పెట్టుకునే ఎస్‌ఎస్‌డీలో అన్నీ చిప్‌లే, తిరిగేదేమీ లేదు కాబట్టి అదే ముక్క 0.1 మిల్లీసెకను లోపే వస్తుంది. పాత సిస్టమ్‌కు ఎస్‌ఎస్‌డీ పెట్టగానే ప్రాణం లేచొచ్చినట్టు అనిపించేది ఇందుకే.

ఒక మెలిక ఉంది. డిస్క్ 100 శాతం చూపించినంత మాత్రాన తప్పంతా డిస్క్‌దే కాకపోవచ్చు. ర్యామ్ చాలనప్పుడు విండోస్ కొంత సరుకు తీసి డిస్క్ మీద దాస్తుంది, కావలసినప్పుడు మళ్లీ వెనక్కి తెస్తుంది. అందుకే రెండు అంకెలనూ కలిపి చూడాలి. ఏమీ తెరవకముందే, మెమొరీ సగం ఖాళీగా ఉన్నా డిస్క్ 100 ఉంటే లోపం డిస్క్‌లోనో, దాన్ని వదలకుండా వాడుతున్న ఏదో ప్రోగ్రామ్‌లోనో ఉంది. ట్యాబ్‌లు తెరిచేకొద్దీ మెమొరీ నిండి, దాని వెనకే డిస్క్ కూడా నిండితే ర్యామ్ కొరత. ఈ సిస్టమ్‌కి రెండూ ఉన్నాయి.

తర్వాత డిస్క్ ఆరోగ్యం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అందులో పవర్ ఆన్ అవర్స్ చూడండి. ఏడాదికి 8,760 గంటలు, కాబట్టి అక్కడ 30,000 కనిపిస్తే ఆ డిస్క్ దాదాపు మూడున్నరేళ్లు ఆగకుండా తిరిగినట్టు. డిస్క్‌లో పాడైన చోట్లను చెప్పే 05, సీ5, సీ6 వరసల్లో, రా వాల్యూస్ అనే గడిలో సున్నా కాకుండా ఇంకేదైనా ఉంటే మిగతా పరీక్షలన్నీ పక్కనపెట్టి ముందు ఫొటోలు, సర్టిఫికెట్లు వేరే చోటికి కాపీ చేసుకోండి. అలాంటి డిస్క్ మీద ఫార్మాట్ కొట్టించడం వృథా, పైగా ప్రమాదం. సీ7 ఒక్కటే పెరుగుతుంటే మాత్రం ఎక్కువసార్లు తప్పు డిస్క్‌ని బోర్డుకు కలిపే సాటా కేబుల్‌ది. కేబుల్ మార్చి చూడండి.

సీపీయూ ఎక్కువగా వాడుతున్నట్టు కనిపిస్తే అప్పుడు రెండు అనుమానాలు. ఏమీ తెరవకపోయినా 60, 70 శాతం ఉంటే ప్రాసెసెస్ ట్యాబ్‌లో ఎవరు తింటున్నారో చూడండి. షాపులో క్రాక్ విండోస్ వేసి ఇచ్చిన సిస్టమ్‌లలో మన కరెంటుతో ఎవరికో క్రిప్టో మైనింగ్ చేసిపెట్టే ప్రోగ్రామ్‌లు దాక్కుని ఉండే అవకాశం ఉంది. అప్పుడు ఫార్మాట్ తప్పదు, కానీ ఇన్‌స్టాలర్ మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే తెచ్చుకోండి. రెండోది వేడి. పని గట్టిగా జరుగుతున్నప్పుడు ప్రాసెసర్ వేగం దాని అసలు వేగం కన్నా కిందికి పడిపోతుంటే సిస్టమ్ ఆపి, పవర్ కేబుల్ తీసేసి మూత తీయండి.

ఇదిగో, తీశాను. ఫ్యాన్ కింద, ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుంది, గాలి పోయే దారే లేదు. పెయింటు బ్రష్‌తో ఇలా, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని తుడవాలి. కింద ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ ఎండి పెళుసుగా రాలుతుంటే తుడిచేసి, బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టాలి. పనిలో పనిగా బోర్డు మీద చిన్న డబ్బాల్లా ఉండే కెపాసిటర్లు చూడండి. తల ఉబ్బినవి ఉంటే ఆ బోర్డు మీద ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు.

డబ్బు విషయంలో నేను గట్టిగా నమ్మే మాట ఒకటుంది: ఈ సిస్టమ్ పోయినా మీతో వచ్చే వస్తువుకే ముందు ఖర్చు పెట్టండి. రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ రేపు ఇంకో డెస్క్‌టాప్‌లోకి వస్తుంది. 256 జీబీ చాలు, ఊరూపేరూ లేనిది మాత్రం వద్దు. ఇందులో ఉన్న డీడీఆర్3 రకం ర్యామ్ తర్వాత వచ్చిన డీడీఆర్4 బోర్డులో పట్టదు, కాబట్టి అది ఇక్కడితో ఆగిపోతుంది. అయినా ఉన్న 4 జీబీకి తోడు ఇంకో 4 జీబీ పాతది దొరికితే వేయించండి. రెండు స్లాట్లూ నిండితే డ్యూయల్ చానల్‌లో, అంటే రెండు దారుల్లో ఒకేసారి, కూడా పనిచేస్తుంది. సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్ చవగ్గా ఇస్తామంటారు, ఇందులో పనిచేయదు. ఐ5 తీసి ఐ7 పెట్టించడం, గ్రాఫిక్స్ కార్డు వేయించడం నా దృష్టిలో డబ్బు పారేసుకోవడమే. ఈ డెల్ ఎస్‌ఎంపీఎస్, అంటే లోపల కరెంటు అందించే పెట్టె, దాని కనెక్టర్ కూడా మామూలుది కాదు, బయట దొరికే ఎస్‌ఎంపీఎస్ నేరుగా పట్టదు.

విండోస్ సంగతి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లు పేరు నమోదు చేసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు సిస్టమ్‌లో ఉండాలి, ఇంటెల్‌లో కొన్ని మినహాయింపులు తప్ప ఎనిమిదో తరం నుంచే అనుమతి. అడ్డదారిలో ఎక్కించేవాళ్లున్నారు. అందరి ఆధార్ కాపీలూ, బ్యాంకు పాస్‌బుక్కులూ స్కాన్ చేసే నెట్ సెంటర్లలో దయచేసి ఆ పని చేయకండి. అవి జనం మనల్ని నమ్మి ఇచ్చిన కాగితాలు.

కాబట్టి ఎవరికి ఏది? సీ, పైథాన్, జావా నేర్చుకునే పిల్లలకు ఈ సిస్టమే చాలు. ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్. తెలుగు యూనికోడ్ టైపింగ్ కూడా అందులో బాగా సాగుతుంది. పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద బతికే డీటీపీ మిత్రులు పాత విండోస్‌ని ఎస్‌ఎస్‌డీ మీద ఉంచుకుని, ఆ సిస్టమ్‌కి నెట్ తీసేయండి. పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్టూడియోలకు మాత్రం దీన్ని అమ్మేసి ఎనిమిదో తరం ఐ5 డెస్క్‌టాప్ చూసుకోమంటాను. దాంట్లో ఆరు కోర్లు, విండోస్ 11 నేరుగా ఎక్కుతుంది. 2025 చివరి నుంచి కొత్త ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, అందుకే 16 జీబీ అందులోనే ఉన్న సిస్టమ్‌ని వెతకండి. కొనేముందు షాపులోనే టాస్క్ మేనేజర్, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో రెండూ తెరిపించండి. చూపించనంటే ఇంకో షాపు చూసుకోండి.

ఎస్‌ఎస్‌డీ పెట్టాక మిగిలిన హార్డ్‌డిస్క్ బాగుంటే బ్యాకప్‌కి ఉంచుకోండి. సిస్టమ్ అమ్మేస్తుంటే డిస్క్ అంతా సున్నాలతో తుడిచి ఇవ్వండి, మామూలు క్విక్ ఫార్మాట్ తర్వాత కూడా ఫైళ్లు వెనక్కి తీయొచ్చు. ఇప్పుడు మీరు తెచ్చుకున్న సిస్టమ్‌లు ఒక్కొక్కటే ఈ టేబుల్ దగ్గరికి తీసుకురండి, పవర్ కేబుల్ తీసేసి మూత తెరుద్దాం.